ఏసీ మొహం చూసిన కాయ

అరవై దాటిన తెలుగు పాఠకుల్లో డిటెక్టివ్ యుగంధర్ పేరు విననివాళ్ళు తక్కువ. యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు, పోలీసుల తరఫున ఇన్‌స్పెక్టర్ స్వరాజ్యరావు. లెక్కల పుస్తకం మధ్యలో దాచుకుని, తలుపు చప్పుడైతే గభాలున మూసేసి చదివిన నవలలవి. రాసినాయన కొమ్మూరి సాంబశివరావు. 1926లో పుట్టారు, 1994లో పోయారు. తెనాలి కుటుంబం. చలం గారికి స్వయానా తమ్ముడి కొడుకు, కొడవటిగంటి కుటుంబరావు గారికి బావమరిది. 1947లో చందమామ పెట్టిన చక్రపాణి గారిదీ తెనాలే. తెలుగువాళ్ళకు కథ చదివే అలవాటు చేసినవాళ్ళలో సగంమంది ఆ మూడు కాలవల మధ్య ఊళ్ళోనే తేలతారని నేనంటే, పక్క ఊళ్ళవాళ్ళకు కోపం రావచ్చు. రానివ్వండి.

అయితే యుగంధర్ కాపురం మాత్రం తెనాల్లో కాదు, మద్రాసులో. అక్కడే ఆఫీసు, అక్కడే కారు, అక్కడే రివాల్వరు. ఆ రోజుల్లో అచ్చాఫీసులూ సినిమా కంపెనీలూ మద్రాసులో ఉన్నాయి కాబట్టి రచయితలు అటు వెళ్ళారు, వాళ్ళ వెనకాలే డిటెక్టివూ రైలెక్కాడు. పైగా రచయితకు పట్నంలో ఒక సౌకర్యం ఉంది. పట్నంలో పక్కింటివాడెవడో తెలీదు. తెలీనివాళ్ళ మధ్య నేరం చెయ్యడం సులువు, దాక్కోవడం సులువు, దాని మీద నవల రాయడం ఇంకా సులువు. మరి అందరికీ అందరూ తెలిసిన ఊళ్ళో? ఎవరింట్లో ఇవాళ ఏం కూరో వీధి చివరిదాకా తెలిసిన ఊళ్ళో నేరం ఎలా దాగుతుంది, దాన్ని ఎవరు బయటపెడతారు? గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప నేలల్లో నడిచే డిటెక్టివు కథ ఎలా ఉండాలన్నదే ఇవాళ్టి నా ప్రసంగం.

ఇంగ్లండులో ఈ పని ఒక ముసలావిడ చేసింది. అగాథా క్రిస్టీ రాసిన మిస్ మార్పుల్. 1927లో ఒక చిన్న కథలో కనిపించింది, 1930లో పూర్తి నవలకెక్కింది. పెళ్ళి చేసుకోలేదు, ఉద్యోగం చెయ్యలేదు. స్వెట్టరు అల్లుకుంటూ, తోటలో కలుపు తీసుకుంటూ, సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెటూళ్ళో కాలం గడుపుతుంది. ఎవరైనా హత్య జరిగిందని చెబితే, వెనకటికి మా ఊళ్ళో చేపల కొట్టు కుర్రాడు ఇలాగే చేశాడే అని ఏదో గుర్తుచేసుకుంటుంది. ఆవిడ విద్య అంతా అదే. మనుషులు ఎక్కడైనా ఒకటే, వాళ్ళ అలవాట్లు వాళ్ళను పట్టిస్తాయి.

అది చదివి మనవాళ్ళు అబ్బ ఎంత కొత్తగా ఉందో అనుకున్నారు. నాకైతే నవ్వొచ్చింది. ఆ పని మన మర్యాద రామన్న ఎన్నడో చేశాడు. నెయ్యి అప్పు తగువు మీ అమ్మమ్మ మీకు చెప్పే ఉంటుంది. ఒకామెకు ఒక్కటే గేదె. ఇంకొకామెకు పది గేదెలు. ఒక్క గేదె ఉన్నామె దగ్గర పది గేదెలున్నామె నెయ్యి బదులు తీసుకుంది, తిరిగి ఇవ్వలేదు. అడిగితే, పది గేదెల పాడి ఉన్నదాన్ని, నీ దగ్గర నేను అప్పు చేస్తానా అని ఎదురు తిరిగింది. విన్నవాళ్ళందరికీ అదే సబబుగా తోచింది. సాక్షులు లేరు, కాగితం లేదు. రామన్న ఇద్దర్నీ వాకిట్లో బురద తొక్కించి, కాళ్ళు కడుక్కు రమ్మని చెరొక చెంబు నీళ్ళిచ్చాడు. ఒక్క గేదె ఉన్నామె ముందు పుల్లతో బురద గీకేసి, కాసిని నీళ్ళతో కడుక్కుని, చెంబులో ఇంకా కొన్ని మిగిల్చింది. పది గేదెలామె చెంబెడూ గుమ్మరించుకుంది, మడమల దగ్గర బురద అలాగే ఉంది, ఇంకో చెంబు కావాలంది. అప్పు ఎవరు చేసి ఉంటారో రామన్న వేరే చెప్పలేదు. భూతద్దం లేదు, వేలిముద్ర లేదు. ఒక చెంబు, కొంచెం బురద.

రామన్న పేరు మీదే మన నేలకు తగ్గ ఇంకో తగువు ఉంది, పత్తి కొట్టు తగలబడ్డ తగువు. నలుగురు పత్తి వర్తకులు ఎలుకల బాధ పడలేక ఉమ్మడిగా పిల్లిని పెంచారు, తలా ఒక కాలు పంచుకున్నారు. ఒక కాలికి దెబ్బ తగిలింది. ఆ కాలు వాటావాడు నూనెగుడ్డ కట్టాడు. గుడ్డకు దీపం అంటుకుంది, పిల్లి బెదిరి పత్తిలోకి దూకింది, కొట్టు బూడిదైంది. నూనెగుడ్డ కట్టినవాడే నష్టం కట్టాలని మిగతా ముగ్గురూ పంచాయితీకి వచ్చారు. దెబ్బ తగిలిన కాలు నడవలేదు కదా, పిల్లిని పత్తిలోకి మోసుకెళ్ళింది మీ మూడు కాళ్ళే, నష్టం మీరే కట్టండి అన్నాడు రామన్న. తమాషాగానే ఉంటుంది గానీ ఇందులో అపరాధ పరిశోధన లేదు. ఏం జరిగిందో అందరికీ ముందే తెలుసు, తేలాల్సింది బాధ్యత ఎవరిదన్నదే. అది వకీలు బుర్ర. చెంబు కథలోది డిటెక్టివు బుర్ర. మనకు వకీలు బుర్రలు ఎప్పుడూ తక్కువ పడలేదు, గుంటూరు కోర్టు ఆవరణ చూసినవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

విచిత్రం ఏమిటంటే, చెంబుతో నేరం పట్టిన జాతి నవలలు రాయడం మొదలుపెట్టాక చెంబు పారేసింది. బెంగాలీ నుంచి, ఇంగ్లీషు నుంచి వచ్చిన నవలల చలవతో మన డిటెక్టివు ప్యాంటూ కోటూ తొడిగాడు. ఆరుద్ర అంతటాయన కూడా ఈ నవలలు రాశారు, అందులో ఒకదాని పేరు పలకల వెండిగ్లాసు. ఇంట్లో వస్తువు కదా అని ఆ పేరంటే నాకు ఇష్టం. తరవాత మధుబాబు గారి షాడో ఊళ్ళు కాదు, దేశాలే దాటేశాడు. సినిమాల్లో చంటబ్బాయి నయం. మల్లాది వెంకటకృష్ణమూర్తి గారి నవలను జంధ్యాల గారు 1986లో తీశారు, విశాఖపట్నంలో తిరిగే అమాయకపు డిటెక్టివు. ఆ తరవాత చాలా కాలానికి, 2019లో, ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ అని నెల్లూళ్ళో బోర్డు కట్టుకున్న కుర్రాడు వచ్చాడు. జిల్లా పట్నంలో డిటెక్టివు ఆఫీసు పెట్టినవాడిని చూసి జనం నవ్వారు, నవ్వుతూనే వాడి వెంట నడిచారు. నెల్లూరు దాకా వచ్చినవాడు ఇంకొంచెం ఉత్తరానికి, ఒంగోలు దాటి చిలకలూరిపేట దాకా రాకపోతాడా అని నా ఆశ.

వస్తే ఏం దొరుకుతుందో చూద్దాం. గుంటూరు మిర్చి యార్డు చూడండి. సీజన్లో రోజుకు లక్ష టిక్కీలు దాటి వస్తాయి. ఊరు తెలియని శ్రోతలకు చెబుతున్నాను, టిక్కీ అంటే మిరపకాయల బస్తా, నలభై నుంచి నలభై అయిదు కిలోలు తూగుతుంది. రైతు తెచ్చిన టిక్కీని కోసి, వ్యాపారి లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీస్తాడు. చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడిస్తాడు. గింజ మోగితే ఎండింది, మోగకపోతే నెమ్ము. కాయ విరిచి చూస్తాడు, తొడిమ దగ్గర నొక్కి చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. తేజ కాయ సన్నగా, పొట్టిగా ఉంటుంది, ముట్టుకుంటేనే మంట. లాం పరిశోధన ఫారంలో పుట్టిన 334 కాస్త పొడుగు. బ్యాడిగి ముడతలు పడి, మంట తక్కువై, రంగు మాత్రం కళ్ళు చెదిరేట్టు ఉంటుంది. ఇదంతా ఆ మనిషి అరనిమిషంలో చేసేస్తాడు, చేస్తూ పక్కవాడితో కూతురి పెళ్ళి సంగతి మాట్లాడుతూ ఉంటాడు. షెర్లాక్ హోమ్స్ పొగాకు రకాల బూడిద మీద పుస్తకం రాశాడని మనం ఆశ్చర్యపోతాం!

కాబట్టి కథ అల్లడం కష్టం కాదు. ఇప్పుడు చెప్పబోయేది పూర్తిగా నా కల్పన. ఊరు చిలకలూరిపేటకూ మార్టూరుకూ మధ్య ఎక్కడో అనుకోండి. డిటెక్టివు రిటైరైన హెడ్మాస్టరు కాదు, ఆయన్ను చాలా కథల్లో చూశాం. తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకు పెద్ద అయిన ఒకామె. అరవై ఏళ్ళు. ఊరంతా పిన్నమ్మా అని పిలుస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో సగం కల్లాల్లో కాయ ఏరింది. ఏ చేలో ఏ కాయ పండిందో, ఏ రైతు తాలు అడుగున దాచి పైన మంచికాయ పోస్తాడో, ఎవరు కూలి డబ్బులు ఎగ్గొడతారో ఆమెకు తెలియనిది లేదు. చేతులు మండకుండా ముందే నూనె రాసుకుంటుంది. మిరప మంట నీళ్ళకు లొంగదు, నూనెకు లొంగుతుంది. సైన్సువాళ్ళు దాన్ని క్యాప్సైసిన్ అంటారు, పిన్నమ్మ ఏమీ అనదు, నూనె రాసుకుంటుంది అంతే.

ఒక రైతు వేసవిలో ధర నచ్చక నలభై టిక్కీలు ఏసీలో పెట్టాడు. మా వైపు కోల్డ్ స్టోరేజీని ఏసీ అంటారు, అందులో సరుకు ఏసీ సరుకు. బాండు తీసుకున్నాడు, దాని మీద బ్యాంకులో అప్పు కూడా తెచ్చాడు. శ్రావణ మాసంలో ధర లేచింది. క్వింటాలు ఇరవై వేలు దాటిన సంవత్సరం అనుకోండి, 2023 లాంటిది. టిక్కీ తొమ్మిది వేల మాట. నలభై టిక్కీలంటే మూడున్నర లక్షలు దాటాయి, ఆడపిల్ల కాలేజీ ఫీజు కట్టి మిగిలే డబ్బు. రైతు యార్డుకు సరుకు తోలాడు. కమీషన్ కొట్టులో టిక్కీలు కోశారు. ఇరవై టిక్కీల్లో కాయ ఎర్రగా నిగనిగలాడుతోంది. మిగతా ఇరవైట్లో కాయ నల్లబడి, పురుగు కూడా తగిలి ఉంది. టిక్కీలు నలభై, లెక్క సరిపోయింది. కాయ మాత్రం మారిపోయింది.

ఎవరు మార్చారు? ఏసీ గుమాస్తా తాళాలు తన దగ్గరే ఉన్నాయంటాడు. లారీ డ్రైవరు దారిలో టీకి తప్ప ఎక్కడా ఆగలేదంటాడు. రైతు బావమరిది సరుకు వెంటే ఉన్నాడు, తన కాయ కూడా అదే లారీలో వేశాడు, ఇంటి అటక మీద ఉంచుకున్నదట. చివరికి అందరి వేలూ ఒక హమాలీ కుర్రాడి మీదికి తిరిగింది. కుర్రాడిది స్టువర్టుపురం.

ఇక్కడ కథ ఆపి ఒక సంగతి చెప్పాలి. బాపట్లకూ చీరాలకూ మధ్య ఉన్న స్టువర్టుపురాన్ని 1913లో సాల్వేషన్ ఆర్మీవాళ్ళ చేత ప్రభుత్వం పెట్టించింది. ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ ఉంచారు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం ఒక మనిషి ఏం చేశాడని అడగలేదు, ఏ కులంలో పుట్టాడని అడిగింది. సెటిల్మెంటులో హాజరు పలకాలి, ఊరు దాటాలంటే చీటీ కావాలి. అక్కడివాళ్ళు చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు ఫ్యాక్టరీలో కూలికి వెళ్ళారు. చట్టాన్ని 1952 నాటికి దేశమంతటా ఎత్తేశారు, పేరు మాత్రం ఊరికి అంటుకునే ఉండిపోయింది. కవి జాషువా గారి కూతురు హేమలతా లవణం ఆ ఊరివాళ్ళ బాగు కోసం ఏళ్ళ తరబడి పనిచేశారు. మన సినిమాలు మాత్రం ఆ ఊరి పేరు టైటిల్లో పెట్టుకుని టిక్కెట్లు అమ్ముకున్నాయి. దొంగతనం అనగానే స్టువర్టుపురం అనే పోలీసును అర్థం చేసుకోగలను, వాడికి పై ఆఫీసరు తొందర. అదే పని రచయిత చేస్తే వాణ్ణి క్షమించను. పుట్టుకను బట్టి అనుమానించడానికి డిటెక్టివు ఎందుకు, 1871లో తెల్లదొర రాసిన కాగితం చాలు.

పిన్నమ్మ ఆ కుర్రాడి జోలికే పోలేదు. జాలి పడి కాదు. ఆమెకు మనుషుల మీద కంటే కాయ మీద గురి ఎక్కువ.

నల్లబడ్డ టిక్కీ దగ్గర కూర్చుని ముందు కుట్టు చూసింది. కల్లంలో టిక్కీలు కుట్టింది ఆమె ముఠావాళ్ళే. దబ్బనంతో, పురికొసతో, మూతి మడిచి, రెండు చివరలూ చెవుల్లా పైకి వదిలి ముడేస్తారు. కమీషన్ కొట్టులో మూతి విప్పకుండా పక్కన కోసి కాయ తీశారు కాబట్టి పాత కుట్టు అలాగే ఉంది. ఇరవై టిక్కీలకు పురికొసే ఉంది. మిగతా ఇరవైకీ ఉన్నది ప్లాస్టిక్ దారం, చెవులు లేవు. అంటే గోనెసంచి మారలేదు, లోపల సరుకు మారింది. ఏసీ లోపల ఆ చలిలో, ఆ చీకట్లో, ఇరవై టిక్కీలు విప్పి, దింపి, నింపి, మళ్ళీ కుట్టడం గుమాస్తా ఒక్కడి వల్ల కాదు. అది వెలుతురున్నచోట, తీరుబడిగా, తార్పాలిన్ పరిచి చేసిన పని. ఏసీ నుంచి సరుకు దిగిన రాత్రికీ, యార్డుకు బయల్దేరిన తెల్లవారుజాముకూ మధ్య జరిగిన పని. ఆ రాత్రి సరుకు బావమరిది ఇంటి ముందు షెడ్డులో ఉంది.

అయినా అది చాలదు. షెడ్డులో ఉందన్నంత మాత్రాన ఇంటివాడే దొంగనడానికి లేదు. పిన్నమ్మ రెండురోజులు ఏమీ మాట్లాడలేదు. మూడో రోజు కారం మిల్లుకు వెళ్ళింది. మా ఊళ్ళల్లో కారం మిల్లు సంగతి మీకు తెలియంది కాదు. తుమ్ములు, దగ్గులు, ముక్కుకు అడ్డం కట్టుకున్న తువ్వాళ్ళు. ఊళ్ళో ప్రతి ఇంటి కాయా అక్కడికి రావాల్సిందే, ప్రతి ఇంటి గుట్టూ అక్కడ నలగాల్సిందే. బావమరిది ఇల్లాలు వరలక్ష్మీ వ్రతానికి చుట్టాలొస్తారని కారం ఆడించుకుని, డబ్బా మిల్లులోనే చల్లారబెట్టి వెళ్ళింది. పిన్నమ్మ మూత తీసి చూసింది. ఎర్రగా, కుంకంలా ఉంది. డబ్బా పక్కనే ఆడించగా మిగిలిన కాయ గుప్పెడుంది. కొంగున కట్టుకుంది.

ఇక ఆమె బుర్రలో నడిచిన లెక్క వినండి. మిరపకాయ బయట ఉంటే వేసవి వరకూ రంగు నిలుస్తుంది. తొలకరి పడి గాలిలో తేమ చేరిందా, రంగు దిగడం మొదలవుతుంది. ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి ఎరుపు పోయి ఇటుక రంగు, ఆ తరవాత నలుపు. ఆ రంగు నిలబెట్టుకోవడానికే కదా రైతు అద్దె కట్టి మరీ ఏసీలో పెట్టేది. మరి అటక మీద వానాకాలమంతా ఉన్న కాయను శ్రావణంలో ఆడిస్తే కుంకం రంగు కారం ఎక్కణ్ణుంచి వచ్చింది?

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు బావమరిది ఇంటి అరుగు మీద కూర్చుంది. నలుగురిని పోగెయ్యలేదు. కొంగు ముడి విప్పి కాయ అతని ముందు పెట్టింది. "ఈ కాయ ఏసీ మొహం చూసిందయ్యా అబ్బాయ్" అంది. అంతే. అతను ముందు కోప్పడ్డాడు, తరవాత నవ్వబోయాడు, తరవాత తన కాయ ఎవరూ కొననన్నారనీ, పిల్లవాడికి సీటు డబ్బు కట్టాల్సి వచ్చిందనీ మొదలుపెట్టాడు. తన నల్లకాయ బావ సంచుల్లోకి పోసి, బావ ఎర్రకాయ తన సంచుల్లోకి ఎత్తుకున్నాడు. ఆ కాయతోనే ఇంట్లోకి కారం ఆడించిందని అతనికే తెలియదు. ఇల్లాలు మంచి కాయ కనిపిస్తే ఆడించుకోదూ!

ఇంగ్లీషు కథ అయితే ఇన్‌స్పెక్టర్ వచ్చి బేడీలు వేసి తీసుకుపోతాడు. మన కథలో అది కుదరదు. ఆ రైతు భార్య ఈ దొంగకు అక్క. కేసు పెడితే రాఖీ పున్నమికి ఆమె ఎవరింటికి వెళ్తుంది? డబ్బు వెనక్కి వస్తుంది, వడ్డీతో సహా వస్తుంది, బావా బావమరుదులు ఒక ఏడాది మాట్లాడుకోరు. పిన్నమ్మ ఎవరికీ చెప్పదు. కానీ హమాలీ కుర్రాడి మీద పడ్డ మాట ఎవరు తుడుస్తారు? నన్నడిగితే కథ అసలు ముడి అక్కడుంది. దొంగ పేరు దాచితే కుర్రాడి పరువు దక్కదు, కుర్రాడి పరువు దక్కాలంటే అక్కాతమ్ముళ్ళ బంధం తెగుతుంది. మిస్ మార్పుల్‌కు ఈ చిక్కు లేదు, ఆవిడకు చుట్టరికాలు తక్కువ. నేనైతే పిన్నమ్మ చేత బావమరిదిని ముఠా కూలీల షెడ్డు దాకా నడిపిస్తాను. అందరి ముందూ ఆ కుర్రాడితో "తప్పు నాది" అనిపిస్తాను. వెనక నుంచి ఇంకో రచయిత, అంత పెద్దరైతు ఎక్కడైనా వచ్చి హమాలీకి తప్పు చెప్పుకుంటాడా అని నన్ను ఎగతాళి చేస్తాడు. నిజమే, అరుదు. కల్పన అని ముందే చెప్పాను కదా.

చెప్పకపోతే అబద్ధం అయ్యే విషయం ఇంకొకటుంది. ఈ రకం కథకు ఒక షరతు ఉంది. ఊరు మామూలుగా బాగానే ఉంది, ఎవరో ఒకడు తప్పు చేశాడు, వాణ్ణి పట్టుకుంటే ఊరు మళ్ళీ సర్దుకుంటుంది అని పాఠకుడు నమ్మాలి. మన నేలలో ఆ నమ్మకం అన్ని ఊళ్ళకూ చెల్లదు. 1985 జులైలో కారంచేడులో, 1991 ఆగస్టులో చుండూరులో దళితులను చంపినప్పుడు అక్కడ రహస్యం ఏమీ లేదు. పట్టపగలు జరిగాయి. చుండూరు కేసులో శిక్షలు పడ్డవాళ్ళను 2014లో హైకోర్టు విడిచిపెట్టింది. ఎవరు చేశారన్న ప్రశ్నతో నడిచే కథ అలాంటి చోట పనికిరాదు. అక్కడ కావలసింది చూసినదాన్ని చూశానని చెప్పే మనిషి. పిన్నమ్మ లాంటి మనిషి ఆ ఊళ్ళో ఉంటే ఏం చేసేది, ఎన్నాళ్ళు చెయ్యనిచ్చేవారు? అది రాయాలంటే ఇంకో రకం కలం కావాలి.

మళ్ళీ మన చిన్న దొంగతనాలకు వద్దాం. మిరప ధర పడిపోయిన ఏడు దొంగ కూడా మిరప జోలికి పోడు. 2025 ఫిబ్రవరిలో రైతుల గోల పడలేక కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు నిర్ణయించింది. ఆ ధరలో ఏసీ అద్దె, కూలి, రవాణా పోగా మిగిలేది తక్కువ. అప్పుడు రచయిత పత్తికి మారాలి. పత్తిలో మోసాలు తడితో జరుగుతాయి. ప్రభుత్వం తరఫున పత్తి కొనే సీసీఐవాళ్ళు తేమ ఎనిమిది శాతం దాటితే ధర కోస్తారు, పన్నెండు దాటితే తీసుకోరు. రాత్రి బోరేల మీద నీళ్ళు చల్లి తెల్లారి తూకానికి తెచ్చేవాడూ ఉంటాడు, మిషను ఎనిమిది చూపిస్తే పదకొండు రాసుకునేవాడూ ఉంటాడు. ఇద్దరిలో ఎవరు దొంగో రైతు ఒక విధంగా చెబుతాడు, కొనేవాడు ఒక విధంగా చెబుతాడు.

జిన్నింగు మిల్లులో మంట లేచిన కథ మాత్రం నేను రాయను. పత్తిలో గులకరాయి ఒకటి వచ్చి ఇనుముకు రాసుకున్నా నిప్పు రేగుతుంది, ఎవడో బీడీ పారేసినా రేగుతుంది, బీమా కాగితం చేతిలో ఉన్నవాడికి అవసరం పడినా రేగుతుంది. బయట నుంచి చూసేవాడికి మూడు మంటలూ ఒకేలా కనిపిస్తాయి. లోపల పనిచేసినవాళ్ళకు మంట మిషను దగ్గర మొదలైందా, దూది గుట్ట అడుగున మొదలైందా, రాత్రంతా రగిలి తెల్లారి లేచిందా అన్నది వాసనతోనే తెలుస్తుందట. కాబట్టి ఆ మిల్లుల్లో షిఫ్టులు చేసి, ఇప్పుడు ఇంటి దగ్గర ఈ రేడియో వింటున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, కథ మీరే రాయండి. డిటెక్టివును మద్రాసు నుంచి పిలిపించకండి. మిల్లులో గింజ ఎత్తే ఆడమనిషిని పెట్టండి, ఆమె పక్కన ఒక నోరుగల మనవణ్ణి పెట్టండి. నేరం మొదటి పేజీలోనే జరగాలి, కాటా దగ్గర జరిగితే మరీ మంచిది.